దాసప్ప పళ్ళు

తెల్లవారి లేచేసరికి వాకిట్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటిని చూడగానే దాసప్పకు కోపం వచ్చింది. నెల రోజులుగా మెడ పట్టేసేలా ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటే రాని వాన, తాను ఒళ్ళు మరిచి నిద్రపోయిన రాత్రి చడీచప్పుడు లేకుండా వచ్చి వెళ్ళిపోవడమేమిటి? కాసేపు దాన్ని తిట్టుకున్నాక సంతోషం వచ్చింది. దాసప్పకు ఏది వచ్చినా కోపం తర్వాతే వస్తుంది.

పెరటి వెనక చేలోకి వెళ్ళి నేలలో వేలు గుచ్చి చూశాడు. వేలు పూర్తిగా దిగింది. విత్తనం పడటానికి సరిపోయే పదును. అయితే ఎర్రనేల, దానికి తోడు ఆ మెట్టమీద గాలి ఒక పట్టాన ఊరుకోదు. మధ్యాహ్నం దాటితే పదునంతా అదే తాగేస్తుంది. పోయినేడు ఇలాంటి వాననే ఒక పూట ఏమరుపాటుతో వదులుకుని, చేనంతా బీడు పెట్టుకుని, ఆ కోపం ఇప్పటికీ అరగక తిరుగుతున్నాడు దాసప్ప. ఈసారి ఆ తప్పు జరగడానికి వీల్లేదు.

"మ్మే హనుమంతూ! ఎద్దులకు నీళ్ళు పెట్టు. విత్తనం మూట బయటికి తియ్యి. బువ్వ పొద్దుకంతా విత్తేది అయిపోవల్ల!" అని భార్యను కేకేసి, కొట్టం గోడకు ఆనించి ఉన్న గొర్రు దగ్గరికి వెళ్ళాడు.

గొర్రు ఉంది. గొర్రుకు పళ్ళు లేవు. నేలను చీల్చి విత్తనానికి దారి చేసే నాలుగు పళ్ళూ ఉండాల్సిన చోట నాలుగు బెజ్జాలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి.

"నా గొర్రు పళ్ళు ఎవుడు ఎత్తకపోయినాడు?" అని అరిచి, అరుపుకు తగిన ముఖం కోసం కిటికీలో గ్లాసు అందుకున్నాడు. గ్లాసులో నీళ్ళే ఉన్నాయి. ఆయన కట్టుడు పళ్ళు కూడా లేవు.

ఈ కట్టుడు పళ్ళ సంగతి చెప్పాలి. కొడుకు సురేంద్ర ముచ్చటపడి కదిరిలో కట్టించాడు. కట్టినవాడు ఒక సైజు పెద్దవి కట్టాడు. అవి పెట్టుకుంటే దాసప్ప నవ్వినా కరవడానికి వస్తున్నట్టే ఉంటుంది. అవి తీసేస్తే ఇంకో చిక్కు. మాట మాత్రం స్పష్టంగానే వస్తుంది, ఒక్క అక్షరం కూడా జారదు. కానీ బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు చిన్నవై, ఎంత భయంకరంగా తిట్టినా ముఖమంతా బోసినవ్వు పరుచుకుంటుంది. అందుకే దాసప్ప వాటిని తిండికంటే తగాదాలకే ఎక్కువగా వాడతాడు.

"ఎవురో ఎత్తకపోయేదేంది? నువ్వే కదయ్యా ఇచ్చినావు నిన్న సాయంత్రం?" అంది హనుమంతమ్మ, కుడితి బకెట్టు దించుతూ.

దాసప్పకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఇంకా మండింది.

నిన్న సాయంత్రం మబ్బు ఊరి నెత్తిమీదికి వచ్చి, కాసేపు ఊరించి, గాలికి చెదిరిపోయింది. దాసప్ప అరుగు మీద నిలబడి దాన్ని పేరుపెట్టి తిడుతున్నాడు. సరిగ్గా అప్పుడే కోడలు ఉమాదేవి బడి నుంచి వచ్చింది. పక్కూరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఆమె.

"మామా, రేపు తనకల్లులో మేళా ఉండాది. టీచర్లందరూ పాఠానికి పనికొచ్చే వస్తువులు తెచ్చి చూపించల్ల. నాది పళ్ళ పాఠం. గొర్రు పళ్ళు ఒక్కరోజు ఇస్తావా?"

పళ్ళ పాఠం గురించి వారం రోజులుగా ఇంట్లో వింటూనే ఉన్నాడు దాసప్ప. తెలుగులో ఎద్దుకూ రంపానికీ దువ్వెనకూ గొర్రుకూ అన్నిటికీ ఉన్నది పళ్ళే. ఇంగ్లీషువాడికి అలా కుదరదట. ముందు పన్ను ఇన్సైజర్, కోరపన్ను కెనైన్, నమిలే పన్ను మోలార్, పాముకైతే ఫాంగ్, ఏనుగుకైతే టస్క్. యంత్రం చక్రానికి ఉండేది కాగ్, నేలను గీరే పనిముట్టుకు ఉండేది టైన్. ఇదంతా విని దాసప్ప ఒకే మాట అన్నాడు, అది పనీపాటా లేనోళ్ళ భాష అని.

కానీ నిన్న ఆయన కోపం ఇంగ్లీషు మీద లేదు, ఆకాశం మీద ఉంది.

"తీసకపో తల్లీ! ఈ ఏడు వాన రాదు. చుక్క రాలదు, నేను చెప్తాండా! గొర్రు పెట్టుకోని నేనేమి చేసుకోవల్ల? విత్తేది లేదు, పండేది లేదు, తినేది లేదు. ఇంగ ఇవి మాత్రం ఏంటికి?" అని నోట్లో పళ్ళు కూడా ఊడబీకి కోడలి చేతిలో పెట్టాడు.

ఇంకో కోడలైతే వద్దనేది. ఉమాదేవి టీచరు. పాఠానికి పనికొచ్చే వస్తువు ఎవరిచ్చినా కాదనే అలవాటు లేదు. వాటిని శుభ్రంగా కడిగి డబ్బాలో పెట్టుకుంది. రంపం, పళ్ళ అంచున్న కక్కుల కొడవలి, అత్తగారి దువ్వెన, పాత మోటారు చక్రం, ఎప్పుడో చచ్చిన ఎద్దు దవడ ఎముక కూడా సర్దుకుంది. తెల్లవారుజామున వాకిట్లో చీకటి విడకముందే సురేంద్ర ఆమెను బండి మీద తనకల్లులో దించి, అటునుంచటే కదిరికి పనికి వెళ్ళిపోయాడు.

దాసప్ప కొడుక్కు ఫోను చేశాడు.

"నాయనా, నేను కదిరిలో ఉండా. ఉమ ఫోను ఆపేసింటాది, మేళాలో ఫోన్లు ఉండగూడదంట. ఏం, విత్తేటంత వాన పడిందా? నువ్వు రాదంటివి కదా?"

దాసప్ప ఫోను కట్ చేశాడు. అది పగిలిపోకుండా మిగిలిందంటే విసిరికొట్టడానికి పక్కన రాయి దొరకకపోవడమే కారణం.

పక్కనే కాస్త ఎగువన ఉన్న చేలో ఓబులేష్ అప్పటికే గొర్రు కట్టి సగం చేను విత్తేశాడు. వాడి భార్య నల్లమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెనక నడుస్తున్నారు. దాసప్ప గట్టు మీద నిలబడి చేయి ఊపాడు.

"ఓబులేషూ! గొర్రు ఒకసారి ఇయ్యి రా! నా గొర్రుకు పళ్ళు లేవు!"

ఓబులేష్ ఎద్దుల్ని ఆపి చూశాడు. గట్టు మీద దాసప్ప ముఖం పౌర్ణమి చంద్రుడిలా వెలిగిపోతోంది.

"ఏమన్నా, పొద్దున్నే నగుతాండావు! నీకు లేవు సరే, గొర్రుకు కూడా లేవంటావా?" అని పగలబడి నవ్వాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నగేది లేదు, గిగేది లేదు! నిజంగానే లేవు రా! నా కోడలు ఎత్తకపోయింది!"

"గొర్రు పళ్ళు కోడలు ఎత్తకపోయిందంట మ్మే!" అని ఓబులేష్ భార్యకు చెప్పి, పొట్ట పట్టుకుని సాల్లోనే కూర్చున్నాడు. దాసప్పకు కోపం ఎక్కువయ్యే కొద్దీ నోరు ఇంకా తెరుచుకుంది. నోరు తెరుచుకునే కొద్దీ నవ్వు ఇంకా విశాలమైంది. చివరికి కళ్ళు తుడుచుకుంటూ ఓబులేష్ అన్నాడు, "వాన పడితే మనిషి ఇట్ల ఉండల్లన్నా. ఊపిరి అడుగు, ఇస్తా. గొర్రు మాత్రం ఈ పొద్దు ఇయ్యలేను. నాది మాపటికి అయిపోతాది, అప్పుడు తీసకపో."

మాపటికి ఆ గొర్రుతో దుమ్ము దున్నుకోవాలి. ట్రాక్టరున్న రామాంజులును అడిగితే ఎల్లుండి వస్తానన్నాడు. ఎద్దులను కాడి దగ్గర కట్టేసి, విత్తనం మూట పక్కనే హనుమంతమ్మను కాపలా పెట్టి, దాసప్ప తనకల్లు బస్సెక్కాడు.

బస్సులో పక్క సీటు ముసలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి ముచ్చటపడింది.

"ఏం నాయనా, మనవడు పుట్టినాడా? అంత సంతోషంగా ఉండావు?"

"కొంప మునిగిందవ్వా!" అన్నాడు దాసప్ప, పళ్ళు లేని చిగుళ్ళు కొరుకుతూ.

"మునగనీ నాయనా, మునగనీ. మునిగేటంత వాన పడి ఎన్నేండ్లాయె!" అని ఆమె ఆశీర్వదించింది. కిటికీలోంచి దారి పొడవునా ఎక్కడ చూసినా గొర్రులే, విత్తుతున్న మనుషులే. ఊళ్ళన్నీ పదునులో ఉంటే తానొక్కడూ పళ్ళ కోసం బస్సెక్కాడు. ఏడుపు వచ్చింది. ఆ ముఖం చూసి ముందు సీటు పాప చేయి ఊపింది.

తనకల్లు హైస్కూలు హాలు కిక్కిరిసి ఉంది. బల్లల మీద అట్టముక్కల ఇళ్ళు, థర్మోకోల్ కొండలు. నడిమధ్యన ఉమాదేవి బల్ల. అక్కడే పిల్లలు ఎక్కువగా మూగారు. తెచ్చిన పళ్ళన్నిటినీ ఒకే నైలాను తాడుకు వరసగా ముడివేసి తోరణంలా కట్టింది ఆమె. ఎద్దు దవడ, దువ్వెన, రంపం, కొడవలి, మోటారు చక్రం, చివరన గొర్రు పళ్ళు నాలుగూ. ఒక్కోదాని కింద ఇంగ్లీషు పేరు. బల్ల మధ్యలో గాజు గిన్నె, అందులో ఎర్రగుడ్డ మీద దాసప్ప నోటి పళ్ళు. పెళ్ళిలో ఉంగరం పెట్టినంత శ్రద్ధగా పెట్టింది.

దాసప్ప చేయి చాపాడు. మేళా చూసుకుంటున్న కృపాకుమారి టీచరు అడ్డం వచ్చింది.

"తాతా, ముట్టుకోకూడదు. జడ్జి సారు వచ్చి చూడల్ల."

"అవి నా పళ్ళమ్మా!"

"ఏవి?"

"నోటివీ నావే, గొర్రువీ నావే!"

కృపాకుమారి ఆ బోసినోటిని చూసింది, గిన్నెలో పళ్ళను చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది, అంటే పూర్తిగా తప్పుగా. ఎనిమిదో బల్ల సైన్సు టీచరు గుండె పాఠానికి ఒక మనిషినే నిలబెట్టి చొక్కా మీద గుండె అతికించాడు. ఇదీ అలాంటిదే అనుకుంది. "ఉమా మేడమ్, మీ మోడల్ వచ్చినాడు!" అని పిలిచి, దాసప్ప చొక్కాకు గులాబీ రంగు కాగితం బ్యాడ్జీ గుచ్చి, ఆయన్ను బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది.

ఉమాదేవి పరుగున వచ్చింది. "మామా! నువ్వేంది ఈడ?"

"వాన పడింది."

ఆ ఒక్క మాటతో ఆమె ముఖం పాలిపోయింది. సేద్యం ఇంట్లో పుట్టిన పిల్లే. తెల్లవారుజామున చీకట్లో బండెక్కినప్పుడు రోడ్డు తడిగా ఉండటం చూసింది, జల్లు పడిందనుకుందే తప్ప పదును పడేంత వాననుకోలేదు. "అయ్యో, ఉండు మామా, ఇప్పుడే విప్పుతా," అని తాడు మీద చెయ్యి వేసింది. అప్పుడే తలుపు దగ్గర చప్పట్లు మోగాయి. జడ్జి గురుమూర్తి సారు వచ్చాడు. కదిరిలో హెడ్మాస్టరుగా రిటైరైనవాడు, మెడలో శాలువా. నేరుగా పిల్లలు ఎక్కువున్న బల్ల దగ్గరికే నడిచాడు.

"మామా, రెండే రెండు నిమిషాలు. కొంచెం నోరు మూసుకో," అని గొణిగింది ఉమాదేవి.

దాసప్పతో అనకూడని మాట ఏదైనా ఉంటే అదే.

ఉమాదేవి కర్రతో తోరణం చూపించసాగింది. ఒక్కో వస్తువు దగ్గరా పిల్లలు గొంతెత్తి పలికారు. మోలార్! కాగ్! టైన్! గురుమూర్తి సారు తల ఊపి, పిల్లల వైపు తిరిగి, "బాగుంది. మరి పళ్ళే లేకపోతే ఏమంటారు?" అని అడిగాడు.

సరిగ్గా ఆ క్షణానే దాసప్ప అరవడానికి కుర్చీలోంచి లేచి నోరు పూర్తిగా తెరిచాడు.

"టూత్‌లెస్!" అని పిల్లలందరూ ఆయన నోటివైపు వేళ్ళు చూపించి ఒక్కసారిగా అరిచారు. హాలు దద్దరిల్లింది.

"అద్భుతం!" అన్నాడు గురుమూర్తి సారు. "పెద్దాయన ఎంత సంతోషంగా పాల్గొంటున్నాడో చూడండి!"

"సంతోషం కాదయ్యా, కడుపు మండుతాండాది నాకు! ఆడ పదును ఆరిపోతాండాది, ఈడ మీరు నా చిగుళ్ళు చూసి చప్పట్లు కొడతాండారు! పోయినేడు నా చేను బీడు పడింది. ఈ ఏడూ పడితే మీ ఇంగ్లీషు వచ్చి పండిస్తాదా?"

"మాట్లాడటం కూడా నేర్పించారా మేడమ్?" అని సారు మళ్ళీ చప్పట్లు కొట్టాడు.

దాసప్ప గొర్రు పళ్ళు నాలుగూ ఒడిసిపట్టి గుంజాడు. తాడు ఒకటే కాబట్టి తోరణమంతా వచ్చింది. రంపం కణకణమంది, మోటారు చక్రం దొర్లి థర్మోకోల్ కొండ మీద పడింది, గుండె మోడలు మనిషి బల్ల ఎక్కేశాడు. దాసప్ప వెనక్కి చూడలేదు. గొర్రు పళ్ళు చంకలో పెట్టుకుని, మిగతాదంతా ఈడ్చుకుంటూ, గులాబీ బ్యాడ్జీతో బజార్లో పడ్డాడు.

ఎద్దు దవడ నేల మీద దొర్లుతుంటే వీధి కుక్కలు పసిగట్టాయి. ఒకటి వెంటపడింది, తర్వాత నాలుగు. వాటి వెనక హాల్లోంచి పిల్లలంతా. కుక్క నోరు తెరిచినప్పుడల్లా పిల్లలు "కెనైన్! కెనైన్!" అని కేకలు. రంపం రాతికి తగిలినప్పుడల్లా దాని పేరు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి, ఏదో ఊరేగింపనుకుని దండం పెట్టారు. దాసప్ప తిరిగి ఒక్కొక్కర్నీ పేరు పేరునా తిట్టాడు. అందరూ చిరునవ్వుతో చేతులు ఊపారు. అంత పెద్ద కోపం అంత మంది ఎదుట అంత వృథాగా పోవడం ఆయన జీవితంలో ఎన్నడూ జరగలేదు. కుక్కలు గుంజి తెంపిన ఎద్దు దవడను వాటికే వదిలేసి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, నోటి పళ్ళు గాజు గిన్నెలోనే మిగిలిపోయాయని.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తాడు ముడులు దారిలో ఈడ్చి ఈడ్చి బిగుసుకుపోయాయి. పళ్ళతో కొరికి విప్పుదామంటే పళ్ళు లేవు. తోరణంలోని కొడవలితోనే తోరణం తాడు కోసి, గొర్రు పళ్ళు బెజ్జాల్లో దిగ్గొట్టి, ఎద్దుల్ని కట్టాడు. పక్కన ఓబులేష్ అనుకున్నదానికంటే ముందే విత్తడం ముగించి, గట్టు మీద కాళ్ళు చాపుకుని సంగటి తింటున్నాడు. దాసప్ప నేలలో వేలు గుచ్చాడు. సగం వేలే దిగింది. అయినా ఇంకా కొంచెం ఉంది, గబగబా తోలితే సరిపోతుంది.

"యోవ్, కదిరి దిక్కు చూడు. నల్లగా వస్తాండాది," అంది హనుమంతమ్మ. "ఈ పొద్దుకు ఆపుదామా?"

"పొద్దున్నుంచి ఊరంతా నన్ను ఆపింది, ఇంగ నువ్వు కూడానా?" అని విరుచుకుపడ్డాడు దాసప్ప. "నిన్న కూడా ఇట్లే వచ్చి పోయింది. చుక్క రాలదు, నేను చెప్తాండా!"

గొర్రు మీది గిన్నెలో పోయడానికి మొదటి గుప్పెడు విత్తనం పైకెత్తాడు. నెత్తి మీద ఉరిమింది.

అది మామూలు వాన కాదు. చేటలతో కుమ్మరించినట్టు పడింది. హనుమంతమ్మ విత్తనం మూట మీద టార్పాలిన్ కప్పి కొట్టంలోకి ఈడ్చుకుపోయింది. దాసప్ప ఎద్దులు విప్పి, గట్టు మీద నిలబడి, అలవాటు ప్రకారం ఆకాశాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. అంతలో ఎర్రనీళ్ళు కాళ్ళ మీదుగా పారాయి. వాటితోపాటు వేరుశనగ విత్తనాలు. ఒకటి కాదు, పది కాదు, దోసిళ్ళకొద్దీ. పై చేలోంచి ఓబులేష్ పొద్దున వేసిన సాళ్ళన్నీ కొట్టుకొస్తున్నాయి. గట్టు మీద ఓబులేష్ తల పట్టుకుని కూర్చున్నాడు, నల్లమ్మ ఏడుస్తూ కొంగుతో నీళ్ళకు అడ్డం కట్టబోతోంది.

దాసప్ప నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. తిట్టు రాలేదు. పొద్దున గొర్రుకు పళ్ళు ఉండి ఉంటే, ఇప్పుడు ఆ నీళ్ళలో పోతున్నది తన విత్తనం. పోయినేటి బీడు ఈ ఏడూ కళ్ళముందు నిలబడేది. ఒళ్ళు జలదరించింది. ఓబులేష్‌ను చూస్తే గుండె తరుక్కుపోయింది. ఆ రెండూ ఒకేసారి వచ్చాయి, ముందు రావాల్సిన కోపం ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

వాన వెలిసి దీపాలు పెట్టే వేళకు ఉమాదేవి తడిసి ముద్దై వచ్చింది. చేతిలో డబ్బా. గడప దగ్గరే ఆగిపోయింది.

"మామా, తప్పైపోయింది. నేను రోడ్డు తడి చూసి కూడా ఆలోచించలేదు." నెమ్మదిగా అంది, "మొదటి బహుమతి ఇచ్చినారు. ఆ పిల్లోళ్ళు ఇంగ జన్మలో ఆ మాటలు మర్చిపోరంట. జిల్లా మేళాకు నిన్ను కూడా పిలుచుకోని రమ్మన్నాడు గురుమూర్తి సారు."

హనుమంతమ్మ వంటింట్లోకి తప్పుకుంది. కదిరి నుంచి అప్పుడే వచ్చిన సురేంద్ర బండి తుడవడానికని బయటికి పోయాడు. దాసప్ప డబ్బా తీసుకున్నాడు, పళ్ళు నోట్లో పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. పొద్దున్నుంచి వృథాగా పోయిన కోపమంతా ఇప్పుడు తగిన ముఖంతో రాబోతోందని ఉమాదేవి తల వంచుకుంది.

"మళ్ళీ విత్తాల్సి వస్తాదని దాచిపెట్టిన మూట ఉండాది కదా," అన్నాడు దాసప్ప. "అది ఓబులేష్‌గాని ఇంట్లో ఏసి రమ్మని సురేంద్రకు చెప్పు. మన విత్తనం నేలలో పడనే లేదు, మనకింగ దాంతో పని లేదు. ఎల్లుండికి నేల ఆరుతాది, ఇద్దరమూ ఒకేసారి విత్తుకుంటాము."

ఉమాదేవి తలెత్తింది.

"ఇంగ ఆ జిల్లా మేళా," అన్నాడు ఆయన, "విత్తేది అయినాక పెట్టుకోమని చెప్పు. వస్తా."

అని కోడలి వైపు చూసి, ఆ రోజు మొత్తానికి మొదటిసారి, మనసారా నవ్వాడు.

అప్పుడే వంటింట్లోంచి తొంగిచూసిన హనుమంతమ్మ ఆ ముఖం చూసి అదిరిపడింది. "ఇంగ చాలించయ్యా! ఆ బిడ్డ మీదికి అట్ల యాల పోతావు?"

దాసప్ప పళ్ళు తీసి గ్లాసులో వేశాడు.